వేలు తెగితే తప్పు వేలిదేనా?

ఏటా మార్చి 4 నుంచి మిల్లుల్లో భద్రతా వారోత్సవం జరుగుతుంది. 1966 మార్చి 4న జాతీయ భద్రతా మండలి ఏర్పడిన సందర్భానికి గుర్తుగా ఈ వారం పాటిస్తారు. గేటు దగ్గర బ్యానరు కడతారు. అందరినీ వరుసలో నిలబెట్టి ప్రతిజ్ఞ చదివిస్తారు. నినాదాల పోటీ పెట్టి గెలిచినవారికి స్టీలు డబ్బా ఇస్తారు. వారం గడవగానే బ్యానరు విప్పుతారు. రింగ్ ఫ్రేము చివర ఊడిపోయిన మూత మాత్రం ఊడిపోయినట్టే ఉంటుంది.

ఈ తంతుకు ఇప్పుడు ఒక కొత్త పేరు తోడయింది. దాన్ని 'బిహేవియర్ బేస్డ్ సేఫ్టీ' అంటున్నారు. అంటే నడవడి ఆధారంగా భద్రత. ఉక్కు, చమురు శుద్ధి, రసాయనాలు, సిమెంటు వంటి భారీ పరిశ్రమల్లో చాలాకాలంగా నడుస్తున్న పద్ధతి ఇది. ఇప్పుడు జౌళి మిల్లుల్లోకి కూడా వస్తున్నది. కార్మికులను గదిలో కూర్చోబెట్టి, ప్రమాదాల్లో ఎక్కువ భాగం యంత్రం వల్ల కాదు, మనిషి నడవడి వల్లనే జరుగుతాయని చెబుతారు. చేతికి ఒక కార్డు ఇచ్చి, పక్క కార్మికుడు ఏం చేస్తున్నాడో గమనించి గుర్తు పెట్టమంటారు. ఇదంతా మనస్తత్వ శాస్త్రం ప్రకారం జరుగుతున్నదని కూడా చెబుతారు.

ఈ విషయంలో మన సభ్యుల్లో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. మన వేళ్ళు మనకు మిగలడానికే కదా, పెట్టుకోనివ్వండి అనేది ఒకటి. ఇది యాజమాన్యం ఎత్తుగడ, కార్డులు చింపి అవతల పారేయండి అనేది రెండోది. రెండూ తొందరపాటు మాటలే. ఆ శాస్త్రం అసలు ఏం చెబుతున్నదో, యాజమాన్యాలు దానిలో ఏది తీసుకుని ఏది వదిలేస్తున్నాయో తెలుసుకున్నాకే మనం ఒక నిర్ణయానికి రావాలి. ఎందుకంటే ఆ కార్డుమీద పెట్టే గుర్తు రేపు నష్టపరిహారం ఫైలులో సాక్ష్యంగా కూర్చోవచ్చు.

88 అంకె ఎక్కడ పుట్టింది

ఈ తరగతుల్లో తప్పకుండా వినిపించే అంకె ఒకటుంది. నూటికి 88 ప్రమాదాలు కార్మికుల అజాగ్రత్త పనుల వల్ల, 10 ప్రమాదకరమైన పరిస్థితుల వల్ల, 2 మాత్రం ఎవరూ ఆపలేనివి అని. ఈ లెక్క 1931లో అమెరికాలో హెచ్. డబ్ల్యు. హైన్రిచ్ రాసిన పుస్తకం నుంచి వచ్చింది. ఆయన ఒక బీమా కంపెనీ ఉద్యోగి. 75,000 ప్రమాదాల కాగితాలు చూసి ఈ మాట చెప్పాడు. వాటిలో 12,000 బీమా క్లెయిముల ఫైళ్ళు, 63,000 కర్మాగారాల యజమానుల దగ్గరి రికార్డులు.

ఆ కాగితాలు రాసింది ఎవరు? ప్రమాదం జరిగాక సూపర్‌వైజరు, మేనేజరు. గాయపడినవాడిని అడిగి రాసినవి కావు. తన షెడ్డులో గార్డు లేనందువల్ల వేలు తెగిందని ఏ సూపర్‌వైజరు సంతకం పెట్టి రాస్తాడు? 'కార్మికుడు అజాగ్రత్తగా ఉన్నాడు' అని రాయడం సులువు. అలాంటి రాతలను వేలకొద్దీ కూడితే వచ్చేది ప్రమాదాల లెక్క కాదు, ఆ రాతల లెక్కే. హైన్రిచ్ చూసిన మూల కాగితాలు ఈనాడు ఎవరికీ దొరకవు. కనుక ఆ లెక్కను సరిచూసే దారి కూడా లేదు. అయినా తొంభై ఏళ్ళుగా ఆ 88 చేతులు మారుతూ వస్తున్నది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. హైన్రిచ్ కూడా యంత్రాలకు గార్డులు వద్దనలేదు. ఆ మాట వదిలేసి 88 ఒక్కటి పట్టుకున్నది ఆయన తరువాతివారు.

శాస్త్రం చెప్పేది వేరు

నడవడి గురించి చెప్పిన మనస్తత్వవేత్తల్లో ముఖ్యుడు అమెరికాకు చెందిన బి. ఎఫ్. స్కిన్నర్. ఆయన సిద్ధాంతాన్ని మన మాటల్లో చెప్పుకుంటే ఇంతే. మనిషి ఒక పని ఒక తీరులో ఎందుకు చేస్తాడో తెలియాలంటే అతని బుద్ధి మంచిదా చెడ్డదా అని అడగనక్కరలేదు. ఆ పనికి ముందు ఏముంది, ఆ పని చేశాక అతనికి ఏం దక్కింది అని చూడాలి. వెంటనే దక్కేది, ఖాయంగా దక్కేది అలవాటును గట్టిపరుస్తుంది. ఎప్పుడో, ఏమో అన్నట్టు ఉండేది గట్టిపరచదు.

దీన్ని మన సాంచాల షెడ్డుకు పెట్టి చూద్దాం. ఒక సాంచా నిమిషానికి 150 పిక్కులు కొడుతుందనుకోండి. గుడ్డలో అంగుళానికి 50 పిక్కులు. దుమ్ము తీయడానికో, తెగిన పోగు అతకడానికో సాంచాను అయిదు నిమిషాలు ఆపితే 750 పిక్కులు, అంటే 15 అంగుళాల గుడ్డ పోయినట్టు. పాలిలో నాలుగుసార్లు ఆపితే 60 అంగుళాలు, ఒకటిన్నర మీటరు. ఇది ఒక్క సాంచా లెక్క. ఒక మనిషి నాలుగు, ఆరు, ఎనిమిది సాంచాలు చూసేచోట మీరే గుణించుకోండి. మీటరు లెక్కన కూలి తీసుకునేవాడికి సాంచా ఆపితే కూలి తగ్గడం ఖాయం, ఆ వారమే తగ్గుతుంది. ఆపకుండా చెయ్యి పెడితే వేలు నలగడం ఖాయం కాదు. నూరుసార్లు పెట్టినా ఏమీ కాకపోవచ్చు. నూటొకటోసారి అవుతుంది.

అప్పుడు ఆ కార్మికుడి నడవడిని తయారుచేసింది ఎవరు? మీటరు రేటు నిర్ణయించినవాడు. స్కిన్నర్ సిద్ధాంతాన్ని నిజాయితీగా అమలు జరిపితే మొదట మార్చవలసింది ఆ కూలి పద్ధతిని. శుభ్రం చేసే సమయానికి, మరమ్మతు సమయానికి సగటు కూలి కట్టివ్వండి, ఎవడూ నడుస్తున్న యంత్రంలో చెయ్యి పెట్టడు. ఈ సంగతి తరగతుల్లో చెప్పరు. అక్కడ చెప్పేది 'అజాగ్రత్త' గురించి. పుండొకచోట, మందొకచోట అన్నట్టుగా ఉంది ఈ వైద్యం.

2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా భవనం కూలి 1,134 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది మనలాగే జౌళి రంగంలో పనిచేసే కుట్టు కార్మికులు. ముందురోజే గోడలు బీటలు వారాయి. కింది అంతస్తులోని బ్యాంకు తన ఉద్యోగులను ఇంటికి పంపేసింది. పై అంతస్తుల దుస్తుల ఫ్యాక్టరీల యజమానులు మాత్రం మరునాడు పనికి రమ్మన్నారు; రాకపోతే జీతం కోత అన్నారు. బీటలు ఆ కార్మికులకు కనపడక కాదు, ప్రమాదం తెలియక కాదు. లోపలికి వెళ్ళకపోతే వచ్చే నష్టం ఖాయమైనది, కాబట్టి వెళ్ళారు. వారికి ఎంత గొప్ప మనస్తత్వ తరగతి పెట్టినా ఆ మెట్లు ఎక్కకుండా ఆపగలిగేదా? ఆపగలిగేది ఒక్కటే: జీతం పోకుండా పని నిరాకరించే హక్కు. ఆ తరువాత నెలలోనే అంతర్జాతీయ కార్మిక సంఘాలకు, దుస్తుల కంపెనీలకు మధ్య చట్టబద్ధమైన ఒప్పందం కుదిరింది. ప్రమాదకరమైన భవనంలోకి వెళ్ళను అనే హక్కు అందులో రాతపూర్వకంగా చేరింది. అయితే అది 1,134 ప్రాణాలు పోయాక చేరింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

పద్ధతి పనిచేసిన చోట ఎలా పనిచేసింది

శాస్త్రంలో పనికొచ్చేది కూడా ఉంది. 1978లో జూడీ కొమాకి అనే మనస్తత్వవేత్త, ఆమె సహచరులు అమెరికాలోని ఒక ఆహార పదార్థాల కర్మాగారంలో చేసిన ప్రయోగం ఈ రంగంలో పేరుపొందింది. వాళ్ళు ముందుగా రెండు విభాగాల్లో ఏ పని ఎలా చేస్తే సురక్షితమో కచ్చితంగా జాబితా రాశారు. 'జాగ్రత్తగా ఉండు' అని రాయలేదు. ఏ వస్తువు ఎలా ఎత్తాలి, ఏ యంత్రం ఎప్పుడు ఆపాలి అని రాశారు. తరువాత గమనించి, విభాగం మొత్తంలో ఎంత శాతం పనులు సురక్షితంగా జరిగాయో గోడమీద గీత గీసి చూపించారు. బాగా చేసినప్పుడు ఆ మాట చెప్పారు. ఒక విభాగంలో 70 శాతం నుంచి 96 శాతానికి, రెండో దానిలో 78 నుంచి 99 శాతానికి సురక్షితమైన పనులు పెరిగాయి. గోడమీద గీత తీసేసి, చెప్పడం మానేశాక అవి మళ్ళీ దాదాపు పాత స్థాయికే పడిపోయాయి.

దీని నుంచి మనం మూడు విషయాలు గ్రహించాలి. మొదటిది, గోడమీద ఉన్నది విభాగం లెక్క. రెండోది, పద్ధతి నడిచింది మెచ్చుకోలు మీద, మెమో మీద కాదు. మూడోది, వారోత్సవంతో పని కాదు. రోజూ నడిచినంతకాలమే ఫలితం ఉంటుంది. మన మిల్లుల్లో పెడుతున్న కార్డులో ఈ మూడూ ఉన్నాయా అని ప్రతి కార్మికుడూ అడగాలి.

బహుమతి వల్ల వచ్చే చేటు

చాలాచోట్ల కనిపించే ఇంకో పద్ధతి 'ప్రమాదం లేని రోజుల' బోర్డు. ఇన్ని రోజులు ప్రమాదం లేకుండా గడిస్తే విభాగమంతటికీ బహుమతి, ఒకరికి దెబ్బ తగిలితే అందరికీ పోతుంది. నడవడి శాస్త్రం ప్రకారమే చూస్తే ఈ బహుమతి ఏ అలవాటును గట్టిపరుస్తున్నది? దెబ్బ తగలకుండా చూసుకోవడాన్ని కాదు, తగిలిన దెబ్బను దాచుకోవడాన్ని. వేలికి గుడ్డ కట్టుకుని పని చేసేవాడు పెరుగుతాడు. తోటివాళ్ళ బహుమతి పోగొట్టినవాడనే మాట పడలేక నోరు మూసుకుంటాడు. అమెరికాలో ప్రభుత్వ కార్మిక భద్రతా సంస్థ 2012లోనే, గాయాన్ని చెప్పుకోకుండా చేసే బహుమతి పథకాలు చట్టవిరుద్ధం కావచ్చునని హెచ్చరించింది. అక్కడి ఉక్కు, మోటారు కార్మికుల సంఘాలు ఈ పద్ధతిని 'కార్మికుడిని నిందించే పథకం' అని ఎప్పటినుంచో అంటున్నాయి.

చిన్న దెబ్బల లెక్క తగ్గినంత మాత్రాన పెద్ద ప్రమాదం దూరమైనట్టు కాదు. 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సాస్ సిటీలో బీపీ కంపెనీ చమురు శుద్ధి కర్మాగారం పేలి 15 మంది చనిపోయారు, 180 మంది గాయపడ్డారు. తరువాత విచారణ జరిపిన కమిటీ, కంపెనీ వ్యక్తిగత గాయాల లెక్క చూసి సంతృప్తి పడిందనీ, యంత్రాంగపు భద్రతను పట్టించుకోలేదనీ తేల్చింది. 2010 ఏప్రిల్ 20న సముద్రంలో చమురు తవ్వే డీప్‌వాటర్ హొరైజన్ వేదిక పేలి 11 మంది మరణించారు. ఏడేళ్ళుగా పనిదినం పోగొట్టే ప్రమాదం ఒక్కటి కూడా లేదని అభినందించడానికి కంపెనీ పెద్దలు వచ్చింది సరిగ్గా ఆ రోజే.

మన దేశంలోనూ ఇదే కథ. 1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లో విషవాయువు వెలువడినప్పుడు ట్యాంకును చల్లబరచే యంత్రం నెలల ముందే ఆపేసి ఉంది. వాయువును కాల్చివేసే గొట్టం మరమ్మతు కోసం విప్పి ఉంది. ఖర్చు తగ్గించడానికి మనుషులను తగ్గించారు. కంపెనీ మాత్రం ఎవరో కార్మికుడు కావాలని నీళ్ళు పోశాడని వాదించింది. 2020 మే 7న విశాఖపట్నంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ యాజమాన్యం నిర్లక్ష్యాన్ని ఎత్తిచూపింది. ఫ్యాక్టరీలో సైరను మోగించే ఏర్పాటు 36 చోట్ల ఉన్నా ఒక్కటీ మోగలేదని చెప్పింది. ఎవరి నడవడి అది?

నడవడి మారవలసింది పైనుంచి

నడవడి మార్పు కింది నుంచి కాక పై నుంచి మొదలైన ఉదాహరణ కూడా ఉంది. 1987లో అమెరికా అల్యూమినియం కంపెనీ ఆల్కోవాకు అధిపతిగా వచ్చిన పాల్ ఓ'నీల్ లాభాల కంటే ముందు భద్రత అన్నాడు. ఎక్కడ ఎవరికి గాయమైనా 24 గంటల్లో ఆ విభాగం అధికారి తనకు తెలపాలనీ, మళ్ళీ జరగకుండా ఏం చేస్తారో చెప్పాలనీ నియమం పెట్టాడు. అంటే గమనింపు కార్డు మేనేజర్ల మీద పెట్టాడు. దాంతో ఆ కంపెనీలో గాయాలు బాగా తగ్గాయి. అక్కడా అన్నీ సవ్యంగా లేవు. 1996లో మెక్సికోలోని కర్మాగారంలో వాయువుల వల్ల కార్మికులు జబ్బుపడిన సంగతి వాటాదారుల సమావేశంలో కార్మికుల తరఫున బయటపడింది. ముందు కాదన్నా, విచారించాక నిజమని తేలింది. పైకి చెప్పకుండా దాచిన ఉన్నతాధికారిని తొలగించారు. కార్మికులు వెళ్ళి అడగకపోతే అదీ జరిగేది కాదు.

మన సొంత రంగంలోనే దీనికంటే పాత ఉదాహరణ ఉంది. 1947లో అహమ్మదాబాదులో ఏర్పడిన జౌళి పరిశోధనా సంస్థ అటిరాలో మొదటి రోజుల్లోనే మనస్తత్వ శాస్త్ర విభాగం పెట్టారు. 1953లో అక్కడి కాలికో మిల్లులో లండన్ తావిస్టాక్ సంస్థకు చెందిన ఎ. కె. రైస్ ఒక ప్రయోగం చేశాడు. ఆటోమేటిక్ మగ్గాల షెడ్డులో పనిని ముక్కలు ముక్కలుగా పంచడం వల్ల ఎవరికి ఎవరు జవాబుదారో తెలియని గందరగోళం ఉండేది. దానికి బదులు, కొన్ని మగ్గాలను ఒక చిన్న జట్టుకు మొత్తంగా అప్పగించాలన్న ఆలోచన వచ్చింది. కార్మికులు తమ జట్లను తామే కూర్చుకున్నారు. ఉత్పత్తి పెరిగింది, పాడైన గుడ్డ తగ్గింది. కార్మికుడి మీద నిఘా పెంచి సాధించినది కాదు ఇది. పని ఎలా జరగాలో నిర్ణయించడంలో అతనికి వాటా ఇచ్చి సాధించినది.

మన వంతు

యాజమాన్యాన్ని విమర్శించి ఊరుకుంటే మన బాధ్యత తీరదు. మన షెడ్డుల్లో కొన్ని అలవాట్లు ఉన్నాయి, వాటిని దాచుకోకూడదు. పని అడ్డమని గార్డు విప్పి పక్కన పెట్టేవాళ్ళు ఉన్నారు. 'ఇరవై ఏళ్ళుగా ఇలాగే చేస్తున్నా, నాకేం కాలేదు' అని కొత్తగా వచ్చిన బదిలీ కుర్రవాడికి నడుస్తున్న యంత్రం తుడవడం నేర్పేవాళ్ళు ఉన్నారు. యంత్రం ఆపి తుడిచేవాణ్ణి పిరికివాడని ఎగతాళి చేసేవాళ్ళూ ఉన్నారు. ఇది ధైర్యం కాదు. ఆ కుర్రవాడి చెయ్యి పోతే అతని ఇంటికి వెళ్ళి నిలబడవలసింది మనమే.

కార్డింగ్ యంత్రం స్విచ్చి ఆపినా దాని సిలిండరు బరువువల్ల కొన్ని నిమిషాలు తిరుగుతూనే ఉంటుంది. అది పూర్తిగా ఆగేదాకా తలుపు తెరుచుకోకుండా, తలుపు మూసేదాకా యంత్రం మొదలుకాకుండా ఇంటర్‌లాకు ఉండాలని ఫ్యాక్టరీల నిబంధనల్లో దశాబ్దాల కిందటే రాశారు. బ్లో రూములో బీటరు మూతలకు కూడా అంతే. మగ్గం నుంచి షటిల్ ఎగిరి పక్కవాడి కంటికి తగలకుండా షటిల్ గార్డు ఉండాలని కూడా రాశారు. ఇవి మనిషి మరిచిపోయినా, అలిసిపోయినా కాపాడేవి. ఇంటర్‌లాకును తీగతో కట్టేసి నడపమని చెప్పే జాబర్ ఎవరైనా సరే, అతని మాట వినకండి. వెంటనే యూనియన్‌కు చెప్పండి.

రైలు ఇంజనులో డ్రైవరు, అసిస్టెంటు ఇద్దరూ సిగ్నలు చూసి గట్టిగా ఒకరికొకరు చెప్పుకోవడం మనలో చాలామందికి తెలుసు. జపాన్ రైల్వేల్లో వేలితో చూపించి మరీ చెబుతారు. అక్కడి రైల్వే పరిశోధనా సంస్థ ప్రయోగంలో నూరు పనులకు 2.38 తప్పులు జరిగేచోట, చూపించి పలికినప్పుడు 0.38కి తగ్గాయి. ఖర్చులేని అలవాటు ఇది. సాంచాల షెడ్డులో ఆ మోతకు మాట వినపడదు కాబట్టి మనం చేతి సైగ పెట్టుకోవాలి. యంత్రం మొదలుపెట్టేవాడు చెయ్యి పైకెత్తాలి, అవతలివాడు చెయ్యెత్తి బదులిచ్చాకే స్విచ్చి నొక్కాలి. ఫిట్టరు యంత్రం లోపల పనిచేసేటప్పుడు స్విచ్చికి తన తాళం తానే వేసుకుని చెవి జేబులో పెట్టుకోవాలి. ఇంకెవరూ ఆ యంత్రాన్ని నడపలేరు. ఇది కూడా నడవడి శాస్త్రమే. నిందలేని నడవడి శాస్త్రం.

అలసటకు మాత్రం ఏ శాస్త్రమూ తరగతి గదిలో మందు ఇవ్వలేదు. పన్నెండో గంటలో కన్ను మూతపడేవాడికి పోస్టరు కనపడదు. 2023లో కర్ణాటక రోజుకు 12 గంటల దాకా పని చేయించుకునే సవరణ తెచ్చింది. అదే సంవత్సరం ఏప్రిల్‌లో తమిళనాడు శాసనసభ అలాంటి బిల్లునే ఆమోదించింది. కార్మిక సంఘాల వ్యతిరేకత వల్ల మే 1న వెనక్కి తీసుకుంటున్నట్టు ముఖ్యమంత్రి ప్రకటించవలసి వచ్చింది. ఐక్యంగా నిలబడితే ఫలితం ఉంటుందని దీన్నిబట్టి తెలుస్తున్నది.

చట్టం ఏమంటున్నది

ప్రమాదం జరిగాక 'తప్పు నీదే' అని సంతకం పెట్టించుకోవడం చాలాచోట్ల మొదట జరిగే పని. దీనివెనుక లెక్క ఉంది. 1923 నష్టపరిహార చట్టం ప్రకారం, కార్మికుడు తాగి ఉన్నా, భద్రతకోసం స్పష్టంగా పెట్టిన నియమాన్ని ఉద్దేశపూర్వకంగా ధిక్కరించినా, గార్డును తెలిసి కావాలని తొలగించినా యజమాని పరిహారం తప్పించుకోవచ్చు. కాని ఆ గాయం వల్ల మరణమో, శాశ్వతమైన పూర్తి వైకల్యమో కలిగితే ఆ మినహాయింపు చెల్లదు. 'ఉద్దేశపూర్వకంగా' అన్న మాట ముఖ్యం. పొరపాటు, మరుపు, అలసట ఉద్దేశం కావు. ఈఎస్ఐ చట్టం ఇంకా ముందుకు వెళ్ళింది. నిబంధనకు వ్యతిరేకంగా చేసినా, యజమాని వ్యాపారం కోసం చేసిన పనిలో జరిగినదైతే అది ఉద్యోగంలో జరిగిన ప్రమాదంగానే లెక్క అని చెప్పింది. 2020 సామాజిక భద్రతా కోడ్ కూడా ఈ సూత్రాలను కొనసాగించింది. అందుచేత గాయపడిన ఏ కార్మికుడూ యూనియన్ ప్రతినిధి లేకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దు. గమనింపు కార్డులు పేర్లతో దాచిపెడితే అవి రేపు 'ఇతనికి ముందే చెప్పాం, అయినా వినలేదు' అనడానికి పనికొస్తాయి. పేర్లు వద్దని మనం పట్టుబట్టేది అందుకే.

1948 ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. కరెంటుతో నడిచే చోట ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి కావలసిన కార్మికుల సంఖ్య 10 నుంచి 20కి పెరిగింది. షోలాపూర్, భివండీ, ఇచల్‌కరంజిల్లోని చిన్న సాంచాల షెడ్డుల్లో చాలాభాగం ఫ్యాక్టరీ లెక్కలోంచి తప్పిపోయే ప్రమాదం ఇందులో ఉంది. ఇది మనం ఎదిరించవలసిన విషయం. అదే కోడ్‌లో మనం వాడుకోవలసినవి కూడా ఉన్నాయి. తీవ్రమైన ప్రమాదం ముంచుకొస్తున్నదని సమంజసమైన భయం ఉంటే కార్మికుడు యజమానికి గాని, భద్రతా కమిటీ ద్వారా గాని తెలిపి, అదే సమయంలో ఇన్‌స్పెక్టరు దృష్టికి తేవచ్చు. భద్రతా కమిటీ వేసేచోట కార్మిక ప్రతినిధుల సంఖ్య యాజమాన్య ప్రతినిధుల సంఖ్యకు తగ్గకూడదు. ఓవర్‌టైముకు కార్మికుడి అంగీకారం ఉండాలి. ఈ మాటలు కాగితం మీద ఉంటే చాలదు, మనం నోరు తెరిచి వాడాలి.

మన నిర్ణయం

ఈ పద్ధతిని మనం గుడ్డిగా బహిష్కరించం, గుడ్డిగా ఒప్పుకోం. కింది షరతులు రాతపూర్వక ఒప్పందంలో చేరితేనే సహకరిస్తాం.

1. గమనింపు కార్డులో కార్మికుడి పేరు, టోకెన్ నంబరు ఉండకూడదు. దాని ఆధారంగా మెమో, కోత, బదిలీ ఉండకూడదు.

2. కార్డులో 'అజాగ్రత్త పని' అని గుర్తు పెట్టిన ప్రతిచోటా, ఆ పని అలా చేయవలసి రావడానికి కారణం రాయాలి. గార్డు లేదా, మనుషులు చాలలేదా, టార్గెట్ ఎక్కువా, వెలుతురు తక్కువా అన్నది తేలాలి. ఆ కారణం సరిచేసే తేదీ కూడా వెయ్యాలి.

3. అదే కార్డు మేనేజరుకు, ఇంజనీరుకు, జాబర్‌కు కూడా వర్తించాలి. చెప్పిన గార్డు ఎన్నిరోజుల్లో బిగించారో గోడమీద రాయాలి.

4. యంత్రం ఆపి శుభ్రం చేసే సమయానికి సగటు కూలి ఇవ్వాలి.

5. 'ప్రమాదం లేని రోజుల' బహుమతులు ఎత్తివేయాలి. తృటిలో తప్పిన ప్రమాదాన్ని తెలిపినవారిని మెచ్చుకోవాలి.

6. తరగతులు పని వేళల్లో, పూర్తి కూలితో జరగాలి. హెచ్చరిక బోర్డులు అక్కడ పనిచేసేవారు చదవగలిగే భాషలో ఉండాలి. ఒడిశా, బీహార్, జార్ఖండ్ నుంచి వచ్చిన వారి భాషల్లో కూడా ఉండాలి.

7. భద్రతా కమిటీలో కార్మికుల ప్రతినిధులను కార్మికులే ఎన్నుకోవాలి. అందులో మహిళలు ఉండాలి. రింగ్ ఫ్రేముల దగ్గర చున్నీ, పమిట చిక్కుకునే ప్రమాదం గురించి వారికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ప్రతి డిపార్ట్‌మెంటులోనూ సభ్యులు ఈ షరతుల మీద చర్చించి, తమ యంత్రాల దగ్గర లేని గార్డుల జాబితాను వచ్చే నెల కార్యవర్గ సమావేశం లోపల యూనియన్ ఆఫీసుకు అందజేయాలని కోరుతున్నాం. యంత్రం నంబరు, ఏది లేదు, ఎన్నాళ్ళుగా లేదు అన్న మూడు సంగతులు రాస్తే చాలు. యాజమాన్యం మన నడవడి గురించి కార్డులు నింపుతున్నది. దాని నడవడి గురించిన కార్డు మనం నింపుదాం. చర్చల బల్ల మీద రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి మాట్లాడదాం.